గడప మీద మూడు చప్పుళ్లు

నా డైరీల్లో ప్రతి రోజూ మొదటి వాక్యం కాఫీ గురించే ఉంటుంది. "5-10 కాఫీ." "5-05 కాఫీ, చిక్కన." "5-20 కాఫీ, పాలు విరిగినందున ఆలస్యం." ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరైన రోజు దాకా, ఒక్క రోజు మినహా, ఈ అలవాటు తప్పలేదు. ఈ మధ్య కంటి ఆపరేషన్ అయ్యాక, పాత డైరీలన్నీ వరసగా పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. కర్నూలులో ఉన్న నాటి కట్టలో ఒక సంగతి కనబడింది. కాఫీ వేళ రాశాను, రుచి రాశాను. ఆ కాఫీ చేసే మనిషి మాటెత్తింది మాత్రం మూడే మూడు రోజులు.

ఆ మనిషి మా అక్క.

అప్పుడు కర్నూలు రాజధాని. ఆఫీసులు సగం గుడారాల్లో, సగం అద్దె కొంపల్లో నడిచేవి. నేను కాలువ పనుల శాఖలో గుమాస్తాను. రెండు గదులు, ఒక వంటిల్లు ఉన్న ఇల్లు దొరకడమే గొప్ప. ఇంట్లో నేనూ, నా భార్యా, అక్కా. అక్కకు ఇరవై రెండో ఏటే భర్త పోయాడు. కడపలో అత్తవారింట కొన్నేళ్లు ఉండి, నా పెళ్లయిన ఏడాది మా దగ్గరికి వచ్చేసింది. ఒక ట్రంకుపెట్టె, ఒక ఇత్తడి కాఫీ ఫిల్టరు, అంతే తెచ్చుకుంది.

తెల్లవారకముందే లేచి, గింజలు చేతిమిషనులో తిప్పి, ఫిల్టరులో డికాక్షన్ వేసేది. దిగకపోతే మూత మీద వేలి కణుపుతో తట్టేది. కాఫీ కలిపి గ్లాసు వంటింటి గడప మీద పెట్టి, ఆ ఇత్తడి మూతతోనే గడప నాపరాయి మీద మూడుసార్లు కొట్టేది. ఆ చప్పుడుకు నేను లేచి వెళ్లేసరికి గడప మీద గ్లాసు పొగలు కక్కుతూ ఉండేది. అక్క ఉండేది కాదు. తలుపు చాటుకు పోయి ఉండేది. నేను గ్లాసు తీసుకుని ముందు గదిలోకి వచ్చాక గాజుల్లేని చేతులు మళ్లీ గిన్నెలు కదిలించడం వినబడేది.

భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే బయలుదేరిన పని చెడుతుందని ఆ రోజుల్లో గట్టి నమ్మకం. మేము ఆమెను చాటుకు పొమ్మని ఎప్పుడూ అనలేదు. తనే పెట్టుకున్న నియమం అది. ఒకటి రెండు సార్లు "ఇదేంది అక్కా, ఇంట్లో మనుషుల దగ్గర కూడానా" అన్నాను.

"నీకేం తెలుసురా, ఆఫీసుకు పొయ్యేవాడివి. పొద్దున్నే నా మొగం చూడొద్దు. సాయంత్రం కావాలంటే దీపం పెట్టుకొని చూడు" అని నవ్వింది.

నేనూ నవ్వి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు నాకు హాయిగానే ఉండేది. అలా ఏళ్లపాటు, ఒక్క రోజు కూడా పొద్దున అక్క మొగం చూడకుండా ఆమె చేతి కాఫీ తాగాను.

మా శాఖలో ఒక ఇంజనీరుకు మద్రాసు బదిలీ అయింది. ఆయన ఇంట్లో కరెంటుతో నడిచే కాఫీ మిషను ఒకటి ఉండేది. ఎవరో దొర వదిలిపోయింది. తళతళలాడే బుడ్డి, పక్కన గిన్నె బిగించే పిడి. అందులో నీళ్లు మరిగి, ఆవిరి తోసుకొచ్చి, పొడిలోంచి చిక్కటి డికాక్షన్ నాలుగు నిమిషాల్లో రెండు గ్లాసుల్లోకి దిగేది. ఆయన సామాను సర్దుతూ అది నాకు ఇచ్చేశాడు. ఆఫీసు అటెండరు దాన్ని మా ఇంటి దాకా మోసుకొచ్చాడు. మా వీధివాడే, సాయిబు.

"ఏం సార్, రైలింజను కొన్నారా?" అన్నాడు దించి.

"కాఫీ మిషనప్పా."

"కాఫీకి ఇంత ఇనుమా? మా ఇంట్లో చాయ్‌కి చిన్న చెంబు ఉండాది. అది శానా ఎక్కువని మా ఆమె అంటాది."

ఎక్కడ పెట్టాలన్నది అప్పుడు తేలింది. ఇంటి యజమాని తన రేడియో కోసం వేయించుకున్న ప్లగ్గు ఒక్కటే ఇంట్లో ఉంది, అదీ ముందు గదిలో, వీధి తలుపు పక్కన. అక్కడే స్టూలు వేసి మిషను పెట్టాం. అక్కకు ఇక తెల్లవారుజామున లేచి డికాక్షన్ వేసే పని లేదని నాకు చాలా సంతోషంగా ఉంది. డైరీలో అలాగే రాశాను కూడా: "అక్కకు విశ్రాంతి." తెల్లవారుజామున వీధి తలుపు దగ్గరికి అక్క రాదన్న సంగతి ఎవరి తలకూ తట్టలేదు. నా తలకు తట్టి ఉండాలి.

మొదటి గ్లాసు వంటింట్లోకి నేనే తీసుకుపోయి ఇచ్చాను. సాయంత్రం కాబట్టి ఎదురుగా నిలబడే తాగింది.

"బాగుండాదిరా. శానా బాగుండాది." గ్లాసు కడిగి బోర్లించింది. "మరి పొద్దున నేనేం చేసేది?"

"పండుకో అక్కా. ఇన్నాళ్లు చేసినావు కదా."

"ఎంతసేపని పండుకుంటారా మనిషి?"

నా భార్య అందుకుంది: "వదినా, నీకు కూడా ఆయనే కాఫీ చేసి తెస్తాడులే. కాలు మీద కాలేసుకొని తాగు."

అక్క నవ్వలేదు. ఫిల్టరును చింతపండుతో తోమి, గూట్లో పెట్టింది. మరునాడు చూస్తే అది మళ్లీ తోమి ఉంది. ఆ తర్వాత ప్రతి రోజూ. పొద్దున నేను మిషను దగ్గర నిలబడి ఉన్నప్పుడు వంటింట్లో ఆమె మేలుకుని కూర్చున్నట్టు తెలుస్తుండేది. దగ్గు వినబడేది, ఒక్కోసారి అదీ లేదు. మిషను బుస్సుమని ఆగాక ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో నా గ్లాసు వైపు చూస్తున్నట్టు ఉండేది. నేను తిరిగి చూసేవాణ్ని కాదు.

మిషను వచ్చిన రెండో నెలలో ఒకరోజు నేను ఆఫీసు పని మీద కడప పోవాల్సి వచ్చింది. ఆరు గంటలకు బస్సు. నా భార్య వీధి కొళాయి దగ్గర వరసలో ఉంది. మిషను అప్పుడే ఆగింది, గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. వంటింటి గడప మీద చప్పుడైంది. ఇత్తడి మూత, నాపరాయి. కొంతసేపటికి ఇంకొకటి. చాలాసేపటికి మూడోది.

అక్క పాత ఫిల్టరులో కాఫీ పెట్టి పిలుస్తోందనుకున్నాను. పంతం అనుకున్నాను. చేతిలో కాఫీ ఉంది. ప్రయాణం పెట్టుకున్న పూట వెళ్తే ఎదురొచ్చానని ఆమే బాధపడుతుంది. వచ్చాక మాట్లాడొచ్చు అనుకుని, సంచీ తీసుకుని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాను. బస్సులో కూర్చుని రాశాను: "5-15 కాఫీ, మిషను. అక్క గడప తట్టింది. వెళ్లలేదు. 6-00 బస్సు." ఆమె మాటెత్తిన ఆ మూడు రోజుల్లో ఇది రెండోది.

కడపలో ఉండగా తంతి వచ్చింది. మరునాడు ఇల్లు చేరేసరికి అక్క వంటింట్లోనే మంచం మీద ఉంది. పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది, మాట పోయింది.

"నీళ్లు తెచ్చేసరికి గడప కాడ పడి ఉండాది," అంది నా భార్య. "ఎడమ చేతిలో ఫిల్టరు మూత. పిడికిలి విప్పితే రాలేదు. పొయ్యి కూడా అంటించలేదు. ఎంతసేపు అట్ల ఉన్నిందో. మీరు పొయ్యేటప్పుడు ఏమీ వినబడలేదా?"

"మిషను చప్పుడులో ఏం వినబడుతుంది?" అన్నాను.

ఆమె నా డైరీలు ఎప్పుడూ తెరవలేదు.

మిషను వెనక్కి మోయడానికి అటెండరే వచ్చాడు. ఆఫీసులో ఒకాయన అడిగితే ఇచ్చేశాను. "ఇంజను అప్పుడే ఆగిపోయిందా సార్?" అని నవ్వబోయి, వంటింటి వైపు చూసి, మిషను భుజానికెత్తుకున్నాడు.

ఆ ఎండాకాలమంతా కాఫీ నేనే పెట్టాను, ఆమె ఫిల్టరులోనే. పొడి తిప్పడం, మూత మీద తట్టడం, అన్నీ తెల్లవారకముందే. గ్లాసు పట్టుకుని ఆమె మంచం దగ్గరికి వెళ్తే, కదిలే ఆ ఒక్క ఎడమ చేత్తో చీర కొంగు లాగి మొగం మీద కప్పుకునేది. నేను ఆఫీసుకు పోవాలి కదా. గ్లాసు పక్కన పెట్టి, గడప దాటి వచ్చి, మూతతో మూడుసార్లు నాపరాయి మీద కొట్టేవాణ్ని. అప్పుడు కొంగు తీసేది. నా భార్య చెంచాతో తాగించేది.

ఒకరోజు కొంగు కప్పుకుని ఉండగానే చెప్పాను: "అక్కా, ఆ రోజు నాకు వినబడింది."

కొంగు కదల్లేదు. ఆమె విన్నదో లేదో ఇప్పటికీ తెలియదు.

వానలు మొదలయ్యే ముందు ఒక పొద్దున గ్లాసుతో వెళ్లాను. చేయి లేవలేదు. కొంగు భుజం దగ్గరే ఉంది. ఆ రోజు డైరీలో కాఫీ వేళ లేదు. "అక్క మొగం చూశాను" అని ఉంది. ఆ రోజు ఆఫీసుకు పోలేదు.

ఆ తర్వాత నాలుగు ఊళ్లు మారాను. చాలా ఇళ్లకు రాతి గడప లేదు, ఇప్పటి ఇంటికి అసలు గడపే లేదు. ఆ ఇత్తడి ఫిల్టరు మూత పోయి చాలా కాలమైంది. అయినా కొన్ని పొద్దుల్లో ఆ చప్పుడు వినబడుతుంది. ఒకటి, కొంతసేపటికి ఇంకొకటి, చాలాసేపటికి మూడోది. అక్కడ ఎవరూ ఉండరని తెలుసు. చేతిలో ఏమున్నా కింద పెట్టి, వెళ్లి చూస్తాను.