ఓదెమ్మ పొయ్యి ఆర్పిన రోజు

ఓదెమ్మ టీ పోస్తే చచ్చిన ఇంజను కూడా దగ్గి లేస్తుందని పుకారు పుట్టించింది నేనే. గార్ల నుంచి బయ్యారం దాకా అది నమ్మే డ్రైవర్లున్నారు. పదో తరగతిలో గోడ దూకి వచ్చినవాణ్ని, నా మాటకు ఆ మాత్రం విలువుంటుంది మరి! ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం కోతల్లేవు. తలచుకుంటేనే నోరు చేదవుతుంది.

ఓదెమ్మ హోటలు పాత వంతెనకు ఇవతల. భర్త పోయాక ఆ పొయ్యి మీదే కూతురు కల్యాణిని పెంచింది. కల్యాణి రోజూ కూలీల ఆటోలో వంతెన దాటి మిరపకాయలు ఏరబోతుంది. ఇసుక లారీలు తిరిగి తిరిగి వంతెన అడుగున పెచ్చులూడి ఇనుప చువ్వలు తేలాయి.

ఒకనాడు ఇంజనీరు మేఘన వచ్చి రోడ్డుకు అడ్డంగా పలకలు వేయించింది. చక్రం ఎక్కితే బరువు చెప్పే పలకలవి. మన డ్రైవర్లేమో ఓవర్‌లోడు చెకింగనుకున్నారు. ఎదురొచ్చేవాళ్ళకు లైట్లు కొట్టి సైగ చేసుకున్నారు. ఇసుక లారీలన్నీ హోటలు వెనక తుమ్మల్లో దూరాయి. డ్రైవర్లు టీలు తాగుతూ, గుట్కా ఉమ్ముతూ కూర్చున్నారు. పలకల మీదికి ఆటోలు, పాలబండ్లే ఎక్కాయి.

ఓదెమ్మకు అంత గిరాకీ ఎన్నడూ లేదు. సాయంత్రం మేఘన టీకి వచ్చి, "పెద్ద బరువులేం పోవడం లేదమ్మా. వంతెన ఇంకా ఓపుతుందనే రాస్తాం" అని చెప్పి మళ్ళీ పలకల దగ్గరికి వెళ్ళింది.

ఓదెమ్మ పొయ్యిలో నీళ్ళు కుమ్మరించింది.

"ఏందవ్వా గిది?" అన్నాడు జగపతి సేటు లారీ నడిపే ప్రేమ్‌సింగ్.

"లేవుండ్రి! బండ్లు గా పలకలెక్కియ్యుండ్రి. చెకింగు గాదు, బ్రిడ్జికి తాకత్ ఉన్నదో లేదో చూస్తున్నరు."

"సేటు తోలు తీస్తడవ్వా."

"నా కల్యాణి, నీ పెండ్లాం కమ్లీ ఒక్క ఆటోలనే పోతున్నరు గదరా! వాగుల వడ్డంక మీ సేటు దేవులాడ్తడా?"

తక్కినవాళ్ళు ఇకిలించారు. ప్రేమ్‌సింగ్ లేచి లారీ తీశాడు. అది పలకలెక్కగానే మేఘన మొహం పాలిపోయింది.

"ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా?"

లారీ వెనకే వచ్చిన ఓదెమ్మ తుమ్మల వైపు చెయ్యి చూపింది.

మర్నాటి నుంచి వంతెన మీద లారీలు బందు. ప్రేమ్‌సింగ్ కొలువు ఊడింది. హోటల్లో ఈగలు తప్ప ఎవరూ లేరు. జగపతి కారాపి, "నీ కడుపు నువ్వే కొట్టుకుంటివి గదనే ముసల్దానా" అని నవ్విపోయాడు. పైగా వంతెనను కాపాడిన మహానుభావుడు తానేనని, దండం పెట్టే ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు. ఛీ!

ఓదెమ్మ ఆ ఫ్లెక్సీ మీద ఖాండ్రించి ఉమ్మింది. హోటలుకు గొళ్ళెం పెట్టి కూలీల ఆటో ఎక్కింది.

"జర జరుగు బిడ్డా," అంది కల్యాణితో, "నేను గూడ మిరపకాయ ఏర వస్త."