మేస్త్రి నా చేతిలో పెట్టిన బేరింగ్

మా కారు మెకానిక్ మేస్త్రి పోయారని ఈ నెల మొదట్లో ఫోన్ వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బట. పెద్ద అంబర్‌పేట్‌లో కొడుకు ఇంట్లో కన్నుమూశారు. ఫోన్ పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు చెబుదామంటే మనిషి లేడు.

దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో ఆయన రేకుల షెడ్డు. నల్గొండ వైపు మనిషి. చప్పుడు చేసే బండి వస్తే ముందు పానా పట్టేవారు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఆ కాసేపు ఎవరైనా మాట్లాడితే మండిపడేవారు. "బండి అబద్ధమాడది సార్. మనమే జర సక్కగ ఇనాలె" అనేవారు. విప్పిన పాత సామాను పారేయకుండా, తుడిచి బండివాళ్ల చేతిలో పెట్టడం ఆయన అలవాటు. "ఏం ఖరాబైందో నీ కండ్లతోని నువ్వే జూస్కో" అని ఇచ్చేవారు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. మా ఆవిడకు తొమ్మిదో నెల. బస్సుల్ని నమ్ముకునే వీల్లేదు. మాకున్నదల్లా గుంటూరు జిల్లా నంబరున్న పాత కారు. దాని క్లచ్ సరిగ్గా అప్పుడే పోయింది. మా ఊరివాడి కొట్టులో కంపెనీది కాని క్లచ్ సెట్టు తెచ్చి ఇచ్చాను. అందులో ప్లేట్లున్నాయి గానీ, పెడల్ తొక్కినప్పుడు వాటిని నెట్టే బేరింగ్ లేదు.

"పాత బేరింగ్ కొత్త ప్లేట్లకు కుదరది సార్, లొల్లి జేస్తది. అది గూడ మారుద్దాం" అన్నారు మేస్త్రి. కొట్టువాడు అక్కర్లేదన్నాడని నేను ఒప్పుకోలేదు. మన వైపు మనిషి మాట కదా, వేదం.

మర్నాడే కారు అరవడం మొదలుపెట్టింది. షెడ్డుకు వెళితే మేస్త్రి లేరు, ఎల్బీ నగర్ చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చున్నారన్నారు. నేరుగా అక్కడికే పోయాను. పదిమంది ముందు నోరు జారాను.

"నా నంబర్ ప్లేట్ చూసి కావాలనే పాడుచేశారు కదూ?"

శిబిరంలో ఇద్దరు లేచారు. మేస్త్రి చెయ్యడ్డుపెట్టి వాళ్లను కూర్చోబెట్టారు. నావైపు తిరిగి ఒక్కటే అడిగారు. "తొక్కితె అరుస్తదా, ఇడిస్తె అరుస్తదా?"

"తొక్కితేనే."

"ఇంటికి పో సార్. రేపు పొద్దుగాల నేనే ఒస్త."

ఆ రేపు బంద్. పానాల సంచి భుజాన వేసుకుని మా ఇంటిదాకా నడిచి వచ్చారు. కారును జాకీతో లేపి, ఇటుకల మీద నిలబెట్టి, కిందికి దూరి గేర్‌బాక్స్‌ను తన ఛాతీ మీదికే దించుకున్నారు. తర్వాత సంచిలోంచి కొత్త బేరింగ్ తీశారు. దుకాణాలన్నీ మూసుంటే ఎక్కడిదని అడిగాను.

"మొన్ననే తెచ్చిపెట్టిన. నువ్వు ఒద్దంటివి" అన్నారు, నట్లు బిగిస్తూనే.

నాచేత పెడల్ తొక్కించారు. చప్పుడు లేదు. పాత బేరింగ్ తుడిచి నా చేతిలో పెట్టారు. ఈసారి చూసుకోమని కూడా అనలేదు. మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

మూడో రోజు ఆ కారులోనే ఆస్పత్రికి వెళ్లాం. పాప పుట్టింది. మిఠాయి పట్టుకుని షెడ్డుకైతే వెళ్లాను గానీ, తప్పయిందన్న మాట పెదవి దాటలేదు. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు వెళ్లాను. బండి గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. ఆయన దగ్గు ముదురుతున్నా, వచ్చేసారి చెబుదాంలే అనుకుంటూనే ఉన్నాను.

నిన్న దశదినకర్మకు వెళ్లాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది.

"క్లచ్ సారువే గదా నువ్వు? టెంటు కాడికొచ్చి ఒర్లినవంట."

తలదించుకున్నాను.

"గాయన కోపం జేస్కోలే సారూ. ఇంట్ల కడుపుతోని ఉన్న మనిషి, బయట బంద్. ఆ సార్‌ది కోపం గాదు, బుగులు, ఏమైతదో అన్న భయం అన్నడు. ఆ బేరింగ్ జిద్దు జేసి ముందే మార్చకపోతి, తప్పు నాదే అని శానా దినాలు బాధపడ్డడు."

ఆయన ఆనాడు తుడిచి ఇచ్చిన పాత బేరింగ్ నా జేబులోనే ఉంది. ఆయన ఫొటో ముందు పెడదామని తీసుకెళ్లాను. చెయ్యి రాలేదు. ఇంటికొచ్చి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వేలితో తిప్పాను. ఇప్పటికీ గరగరమంటోంది.