జలుబు మాత్ర కోసం వెళ్తే

గిరిజది నంద్యాల. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అక్కడి శాండ్రింగ్‌హామ్ పేటలో మన కిరాణా షాపుల వరసలోనే ఆమె కుట్టు దుకాణం. బ్లౌజులు, లెహంగాలు, కర్టెన్లు, ఏది తెచ్చినా కాదనదు. ఒంట్లో బాగాలేకపోయినా మిషన్ ఆపదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మాత్రం ఆమెకు గిట్టదు. "అపాయింట్‌మెంట్ దొరికేలోపల రోగమే తగ్గిపోతాది" అని భర్త రవిచంద్రతో అనేది.

ఆ చలికాలం జలుబు పట్టుకుని వదల్లేదు. ముక్కు దిబ్బడ, తల దిమ్ము. చూపు కూడా మసకబారి కుట్టు వంకర పోతోంది. మిరియాల కషాయం, పసుపు ఆవిరి ఏవీ పనిచేయలేదు. బట్టలివ్వడానికి వచ్చిన ఒకావిడ, పూర్వం దొరికిన గట్టి జలుబు మాత్రలు మళ్ళీ అమ్ముతున్నారని చెప్పింది. వాటితో మత్తుమందు తయారు చేస్తున్నారని ఈ దేశంలో చాలా ఏళ్ళపాటు డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వలేదు. 2024లో పార్లమెంటు చట్టం మార్చింది. ఇప్పుడు ఫార్మసిస్టుతో మాట్లాడి తీసుకోవచ్చు.

డాక్టర్ అక్కర్లేదన్న మాట గిరిజకు బాగా నచ్చింది. మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసి మందుల షాపుకు నడిచింది.

అక్కడి ఫార్మసిస్టు ఇంద్రజ విజయవాడ అమ్మాయి. చదువుకోడానికి వచ్చి ఇక్కడే సెటిలయింది.

"ఆంటీ, బీపీ ఏమైనా ఉందా?"

"ఏమీ లేదమ్మా. జలుబొకటే."

"ఎప్పుడు చెక్ చేయించుకున్నారు?"

గిరిజకు గుర్తు రాలేదు. కాస్త చిరాకు కూడా వేసింది. "చట్టమే ఇమ్మంటాంటే నువ్వు ఇన్ని అడుగుతావేందమ్మా?"

"చీటీ వద్దన్నారు గానీ అడగొద్దనలేదు ఆంటీ. ఈ మాత్ర బీపీని పెంచుతుంది. కాసేపు కూర్చోండి, చూసేస్తాను."

ఒక చేతికి బీపీ చూసింది. రెండో చేతికీ చూసింది. కాసేపు ఆగి మళ్ళీ చూసింది.

"ఆంటీ, కళ్ళేమైనా మసకగా ఉంటున్నాయా?"

"అవునమ్మా. జలుబుకే కదా?"

ఇంద్రజ పక్కనే కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "కాదనుకుంటాను. ఈ మాత్ర మీకివ్వను. బీపీ చాలా ఎక్కువగా ఉంది, ఇప్పుడే హాస్పిటల్‌కి వెళ్ళాలి."

రవిచంద్రకు ఫోన్ చేసింది ఇంద్రజే. అతను కారు తెచ్చేదాకా గిరిజ చేయి వదల్లేదు.

హాస్పిటల్లో ఉంచుకున్నారు. బీపీ వల్ల కంటి వెనక నరాలు అప్పటికే దెబ్బతినడం మొదలైందనీ, ఆ మాత్ర వేసుకుని ఉంటే పక్షవాతం వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదనీ డాక్టర్ చెప్పాడు. మందులు మొదలయ్యాక మెల్లగా చూపు తేటపడింది. జలుబు ఎప్పుడు తగ్గిందో ఆమె గమనించనే లేదు.

ఇంటికొచ్చిన వారానికి భర్తను వెంటబెట్టుకుని మందుల షాపుకు వెళ్ళింది. ఏమేమో చెప్పాలనుకుంది గానీ ఇంద్రజ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నేను చేసిందేముంది ఆంటీ, అది నా పని" అంది ఇంద్రజ.

"నాకది పని కాదు తల్లీ, ప్రాణం. ఆ రోజు నీ మీద విసుక్కున్నా. మనసులో పెట్టుకోవద్దు."

బయటికొచ్చాక రవిచంద్రతో అంది. "ఆ చట్టం మారకపోయింటే నేను ఈ షాపు గడప తొక్కేదాన్నా? ఎవరు మార్చినారో గానీ, చల్లగా ఉండాల."

రవిచంద్ర ఆమె భుజం మీద చేయి వేసి కారు దాకా అలాగే నడిపించుకెళ్ళాడు.