దెబ్బ తగలని వడిసెల

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో విషం ఉంది, నిప్పు ఉంది, నెత్తురు ధారలు కట్టింది, ఆకాశంలోంచి రాళ్లు కురిశాయి. ఇలా మొదలుపెడితే గంభీరంగా ఉంటుందని మొదలుపెట్టాను గానీ, ఆ నెత్తురు నా ల్యాప్‌టాప్‌లోనిది. కురిసిన రాళ్లు రెండే, అందులో ఒకటి పక్కింటి రేకుల మీద. అసలు సంగతి ఇంతే: నాకు ఆటలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వస్తుందా, లేక నార్కట్‌పల్లి రోడ్డు మీద మా నాన్న, అంటే బాపు, నడిపే టీ హోటల్లో గల్లా ముందు కూర్చుంటానా అన్నది వారంలో తేలాలి.

ఇంజనీరింగ్ అయిపోయి ఏడాదిన్నర. వీడియోలు చూసి ఆటల బొమ్మలు గీయడం నేర్చుకున్నాను. రెండు కంపెనీలు నన్ను చాలా మర్యాదగా వద్దన్నాయి. మూడోది హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ. అది పరీక్ష పెట్టింది. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉండే పోరాటపు ఆటకు ఒక ఆయుధం తయారుచేయాలి. అది చరిత్రలో నిజంగా ఉన్నదై ఉండాలి, దానికి ఒక స్టేటస్ ఎఫెక్ట్ ఉండాలి. ఇలాంటి ఆటల్లో దెబ్బ పడగానే పని అయిపోదు, తిన్నవాడికి ఏదో ఒకటి పట్టుకుంటుంది. విషమెక్కితే పచ్చబడతాడు. మంచు తగిలితే బిగుసుకుపోతాడు. ఒళ్లంతా అంటుకుంటే కాసేపు మండి, ఆరిపోయి, ఏమీ జరగనట్టు మళ్లీ కత్తి తిప్పుతాడు. ఇంత ఆరోగ్యవంతులు మా మండలంలో లేరు.

బాపు ముందే చెప్పేశాడు. "శనివారం దాక చూస్త. గా బొమ్మల నౌకరి రాకుంటే సోమారం పొద్దుగాల వచ్చి గల్ల మీద కూసో. ఏసీ లేదు గని ఫ్యానున్నది."

అందరూ కత్తులే చేస్తారని నేను వడిసెల ఎంచుకున్నాను. రెండు తాళ్లు, మధ్యలో రాయి పట్టేంత అల్లిక. తల మీద గిరగిరా తిప్పి ఒక తాడు వదిలేస్తే రాయి దూసుకుపోతుంది. మా నల్గొండ రైతులు ఒకప్పటి సాయుధ పోరాటంలో తుపాకులవాళ్ల ముందు ఇదే పట్టుకుని నిలబడ్డారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. రెండు రోజుల్లో బొమ్మ తయారైంది. రాయి తగిలితే ముప్పై పాయింట్ల దెబ్బ, ఆపైన పది సెకన్లు నెత్తురు కారడం. వెనకాల అందానికి ఒక జొన్నచేను కూడా పెట్టాను.

ఇక చరిత్ర కావాలి. బాపు వాళ్లమ్మ, మా అవ్వ, మాతోనే ఉంటుంది. వెళ్లి అడిగాను.

"అవ్వా, పోరాటంల మనోళ్లు వడిసెల్లు కొట్టిన్రు కద, జర చెప్పు."

"నేనప్పుడు చంకల పిల్లను. పాలకేడ్చుడు తప్ప నాకేం యాదికుంటది?"

నా చరిత్ర విభాగం అక్కడితో మూతపడింది. ల్యాప్‌టాప్ మూయబోతుంటే, పెళ్లికి ముందూ తర్వాతా జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టలు తోలింది తనేనని చెప్పి, బొమ్మ చూపించమంది అవ్వ. చూపించాను. నా వీరుడు వడిసెల తిప్పాడు. రాక్షసుడి నుదుటి నుంచి నెత్తురు చిమ్మింది.

"గింత నెత్తురు కారుతాంది, దవాఖానకు పోకుండ ఉరుకుతాండేందిరా?"

"పది సెకన్లల్ల తగ్గుతది అవ్వా."

"గా మందేదో మీ బాపు మోకాలికి తే." ఇంకాసేపు చూసి, రాక్షసుణ్ణి వదిలేసి వెనకాల చేను మీద వేలు పెట్టింది. "వీడెవడు, కంకుల మీదికే ఇసురుతాండు? చేను నాశనం చేసేటట్టున్నడు."

వీరుడు రాక్షసుణ్ణి కొడుతున్నాడని, చేను ఊరికే అందానికని చెప్పాను. అందానికి చేను పెడతారా అని ఆమె నన్ను చూసిన చూపుకు ఏ ఆటలోనూ విరుగుడు లేదు.

మర్నాడు పొద్దున అవ్వ సుతిలి తాడు తీసుకుని అరగంటలో వడిసెల అల్లేసింది. ఇంటి వెనక పత్తికట్టె పీకేసిన చెలకలోకి వెళ్లాం. ముందు నేను తిప్పాను. చదివింది ఇంజనీరింగ్ కదా, రాయి వెనక్కి వెళ్లి పక్కింటి రేకుల మీద పడింది. ఆ ఇంటి చాచాది హైవే మీద పంచర్ దుకాణం. ఆయన బనియన్ మీదనే బయటికొచ్చాడు.

"అరే, ఎవడ్రా?"

"నేనే చాచా. నౌకరి కోసం."

"నీ నౌకరి మా రేకుల మీదున్నదా బే?"

అవ్వ నా చేతిలోంచి వడిసెల లాక్కుంది. ఆ క్షణంలో ఆమె పదిహేనేళ్ల పిల్లలా కనిపించింది అని రాయాలి. కనిపించలేదు. డెబ్బై దాటిన మనిషి రాయి విసిరినట్టే కనిపించింది. కాకపోతే తాడు వదలగానే పటాకా పేలినట్టు చప్పుడైంది, రాయి బుయ్యిమంటూ పోయింది, చెలక అవతల తుమ్మచెట్టు మీది గోరింకలన్నీ ఒక్కసారి లేచాయి. రాయి మాత్రం చెట్టుకు చాలా దూరంగా ఖాళీ నేల మీద పడింది. చాచా తిట్టు మధ్యలోనే ఆపి నోరు తెరుచుకుని చూశాడు.

"తగలలే కద అవ్వా," అన్నాను.

"తగలొద్దు బిడ్డా. కొడితే ఒక్క పిట్ట సస్తది, మిగిలినయి తింటనే ఉంటయి. బెదిరిస్తే అన్ని లేస్తయి. కంకికి తగిలిందనుకో, పిట్ట తినేది నువ్వే పోగొట్టినట్టు."

ఆ సాయంత్రం ముప్పై పాయింట్లూ తీసేశాను. నెత్తురు తీసేశాను. కొత్త స్టేటస్ పేరు బెదురు. రాయి చప్పుడుకు అక్కడున్న రాక్షసులందరూ తలలెత్తి, చేతిలో ఉన్నది పారేసి, ఆరు సెకన్లు పరుగు పెడతారు. రాయి కంకికి తగిలితే మాత్రం ఆడేవాడి ప్రాణమే తగ్గుతుంది. చూస్తుంటే గర్వంగానూ ఉంది, టీ హోటల్ గల్లా కళ్ల ముందు కదులుతూనూ ఉంది.

శనివారం పొద్దున వీడియో కాల్. తెర మీద ముగ్గురు. మధ్యలో ఉన్న మేడమే బాసని మిగతా ఇద్దరి మౌనం బట్టి తెలిసింది. నా పక్కన, తెరకు కనపడకుండా, అవ్వ. గడప దగ్గర బాపు, ఏదో వెతుకుతున్నట్టు.

"డ్యామేజ్ ఎంత పెట్టారు?" అని అడిగింది మేడమ్.

"సున్నా మేడమ్."

"సున్నా అయితే ఆ ఆయుధం ఎవరు తీసుకుంటారు?"

నేను రాత్రంతా బట్టీ పట్టిన జవాబు అందుకోబోయాను. అవ్వ ఊరుకోలేకపోయింది. "ఏందిరా, వాళ్లకు పిట్టల బాధ లేదా?"

మేడమ్ నవ్వింది. అవ్వను తెర ముందుకు రమ్మంది. "అవ్వా, దానితో మనిషిని ఎప్పుడన్నా కొట్టినవా?"

"కొట్టిన. మా ఆయననే. సద్ది తెచ్చి చేన్లకెల్లి సప్పుడు చెయ్యకుంట వచ్చిండు, పందనుకున్న."

"తగిలిందా?"

"తగిలితే గీడెట్ల పుడతడు?" అని నా వైపు చూపించింది.

మిగతా ఇద్దరు కూడా నవ్వారు. మేడమ్ నవ్వు ఆపి, ఆరు సెకన్లు ఎక్కువేమో, నాలుగు చాలేమో చూద్దామా అని అడిగింది. వద్దనేవాళ్లు సెకన్లు లెక్కపెట్టరు. నాకు అది అర్థమయ్యేలోపే బాపుకు అర్థమైనట్టుంది, వెతకడం మానేశాడు.

సాయంత్రం మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. బాపుకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుని, "సున్నా పెట్టినోనికి జీతమిస్తరా?" అన్నాడు. తర్వాత బయటికి వెళ్లి చాచాకు గట్టిగా చెప్పడం వినిపించింది. అవ్వ మాత్రం, తాడు ఒక చోట వదులైందని వడిసెల విప్పి మళ్లీ అల్లుతోంది.

సోమవారం చేరాలి. ఆధార్ జిరాక్స్‌తో పాటు నాలుగు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తేవాలి, వెనకాల తెల్లగా ఉండాలి. మాకు దగ్గరున్న కట్టంగూర్‌లో ఉన్న ఒక్క ఫోటో స్టూడియో ఆదివారం తెరవరు.