మాట దొరకని భోజనం

ఎలీయాజరు గారింట్లో ఎవరికైనా అన్నం దొరుకుతుంది. మాట మాత్రం దొరకదు. ఆయన వసారాలో కూర్చున్న మనిషి ముద్ద పెట్టుకోవడానికి నోరు తెరిస్తే సరే. మాట్లాడ్డానికి తెరిచాడో, ఆ సందులో ఈయన దూరిపోతారు.

మండవల్లి దాటి కైకలూరు వెళ్ళే రోడ్డు పక్కన ఆయన పెంకుటిల్లు. దానికెదురుగా నా చేపల మేత దుకాణం. కాబట్టి ఆయన గురించి నేను చెప్పేదంతా కళ్ళారా చూసింది, చెవులారా విన్నది. విన్నదే ఎక్కువ.

కుర్రతనంలో ఇంట్లో గొడవపడి రైలెక్కేశారు. హోటళ్ళలో గిన్నెలు తోమారు, లారీలు కడిగారు, ఏ పనీ దొరకనప్పుడు స్టేషన్లలో పడుకున్నారు. అలా దేశమంతా తిరిగి, తల నెరుస్తుండగా ఊరొచ్చి, అచ్చమ్మగారిని పెళ్ళి చేసుకుని, తండ్రి వదిలిన పొలం చేసుకుంటూ కుదురుకున్నారు. తిరగడమైతే మానేశారు గానీ, తిరిగేవాళ్ళు కనిపిస్తే ఆగలేరు.

"ఏవండీ! ఎండ చూశారా? రండి, నాలుగు ముద్దలు తిని వెళ్దురుగాని."

సంచీ పట్టుకుని రోడ్డు మీద ఎవరు కనపడినా ఇదే పిలుపు. వాళ్ళు కాళ్ళు కడుక్కునేలోపే, "నేను నాగపూర్‌లో ఉండగా ఏం జరిగిందనుకున్నారు?" అని మొదలు. ద్వారకా తిరుమలకు నడిచి వెళ్ళే భక్తులైతే మజ్జిగ చాలంటారు. మజ్జిగకి సరిపడా కథ వేరే ఉంది.

అన్నిటికన్నా పెద్ద కథ చంబల్ ఏటిలో మొసలిది. ఓసారి చేతులు బార్లా చాపి, "పడవంత ఉందండి!" అంటుంటే అచ్చమ్మగారు పులుసు వడ్డిస్తూ అడ్డం వచ్చారు.

"పొద్దున్నొచ్చిన వాళ్ళకి మంచమంతే అన్నారు కదండీ?"

"ప్రాణమున్న జీవి. పెరగదా మరి?"

మా దుకాణానికి మేత కంపెనీ మనిషొకాయన వస్తే, ఆయన్నీ లాక్కెళ్ళి విస్తరి వేశారు. పాపం ఆయన ఉత్సాహపడి, "నేను పుట్టింది నాగపూర్‌లోనేనండీ" అన్నాడు.

"అయితే మీకు తెలిసుండదులెండి, నేను చెప్తాను" అన్నారు ఎలీయాజరు గారు.

చర్చి పాస్టరు ఆనంద్ పాల్ గారు కూడా విసుక్కున్నారు. "ప్రభువే వచ్చి తలుపు తట్టినా మీ ఆయన నాగపూర్ కబుర్లే చెప్తాడమ్మా."

"చెప్తారండి. అయితే కొర్రమీను పులుసు పోసి చెప్తారు" అన్నారు అచ్చమ్మగారు.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లని గవర్నమెంటు కొట్టించేసిన ఏడు, ఆ గట్లు కొట్టే మిషన్ల డ్రైవర్లూ, గట్ల మీద పని పోయిన కూలీలూ ఓ మధ్యాహ్నం ఒకే వరసలో భోజనానికి కూర్చున్నారు. కొట్టుకుంటారేమోనని నేను దుకాణం షట్టరు సగం దించాను. ఏమీ అవలేదు. తగాదాకైనా ముందు మాట దొరకాలి కదా!

తిన్నవాళ్ళంతా మెచ్చుకునేవారు గానీ, మా రోడ్డు వాళ్ళందరి అభిప్రాయం ఒకటే. ఈయన అన్నం పెట్టేది వినేవాళ్ళ కోసమని. నా అభిప్రాయమూ అదే. ఆ తర్వాతి వానాకాలం దాకా.

ఆ వానాకాలంలో ఓ రోజు ఏలూరు వెళ్ళే బస్సు మా దుకాణం ముందు చెడిపోయి ఆగింది. వాన. ఎలీయాజరు గారికి పండగే. బస్సు మొత్తాన్ని వసారాలోకి తోలారు. అచ్చమ్మగారు ఎసరు మీద ఎసరు పెట్టారు. నేనూ వడ్డనకి వెళ్ళాను.

వరస చివర ఒకమ్మాయి, ఒళ్ళో నాలుగేళ్ళ పిల్ల. చేతిలో గుడ్డసంచీ తప్ప ఏమీ లేదు. చెంప మీద కమిలిన మచ్చ. తల ఎత్తడం లేదు. పక్కనే దుర్గాదేవిగారని, కైకలూరులో బట్టలకొట్టు వాళ్ళావిడ. మంచావిడే. కాకపోతే ఏదీ తెలుసుకోకుండా ఉండలేరు.

"ఏ ఊరమ్మా మీది?"

అమ్మాయి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏ ఊరని అడిగారు గనక చెప్తున్నానండి, చంబల్ పక్కన ఒక ఊరుంది..." ఎలీయాజరు గారు అందుకున్నారు.

"మిమ్మల్ని కాదండీ. ఏమ్మా, మీ ఆయన రాలేదా?"

"ఎవరూ రాలేదండి! మొసలి నోరు తెరిచింది, ఒడ్డున ఒక్క మనిషి లేడు!"

"అయ్యో, ఆ చెంప మీద దెబ్బేంటి తల్లీ?"

"తోకతో కొట్టిందండీ!" అని ఆయన చేతిలో గరిటె ఆడించేసరికి, సాంబారు చుక్కలు దుర్గాదేవిగారి చీర మీద పడ్డాయి. ఆవిడ కొంగు తుడుచుకోవడంలో పడ్డారు. జనం నవ్వారు. పిల్ల కిలకిలలాడింది. ఆ సందట్లో అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకుంది. మరొకటి పెట్టుకుంది. కాసేపటికి మారు అన్నం అడిగింది.

బస్సు బాగయ్యాక ఎలీయాజరు గారే గొడుగు పట్టి తల్లినీ పిల్లనీ ఎక్కించారు. డ్రైవరు పక్క సీటు అడిగి ఇప్పించారు. దుర్గాదేవిగారికి వెనక సీటు దొరికింది.

"ఎవరండీ ఆ అమ్మాయి?" అచ్చమ్మగారిని అడిగాను.

"ఏమో బాబూ. ఈయన అడగనివ్వరు కదా."

"పోనీ వాళ్ళనైనా చెప్పుకోనివ్వచ్చు కదండీ!"

ఆవిడ విస్తళ్ళు తీస్తూ మామూలుగా చెప్పారు. "తిరిగే రోజుల్లో ఈయనకి అన్నం పెట్టిన మారాజులు చాలామందే ఉన్నారండి. కాకపోతే వడ్డించగానే మొదలెట్టేవారంట. ఎవరబ్బాయివి? ఇల్లెందుకు వదిలేశావు? ఈయనకి నిజం చెప్పాలనిపించేది కాదు, అన్నం ముందు అబద్ధమాడాలనీ అనిపించేది కాదు. తినకుండా లేచొచ్చేసేవారంట. అందుకని, మా వసారాలో తినేవాళ్ళని ఎవరూ ఏమీ అడక్కూడదని ఈయన పట్టుదల."

"అడగొద్దంటే పోయేది కదండీ?"

"అనీ చూశారు బాబూ. అడగొద్దంటే జనం ఇంకా ఎక్కువ అడుగుతున్నారు."

నేనూ వంగి విస్తళ్ళు తీయడం మొదలెట్టాను. తర్వాత ఆలోచించి, "మరి మొసలి నిజమేనా?" అన్నాను.

"నిజమేనండి. గోడ మీద బల్లంత ఉండుంటుంది."

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి బస్సు దిగింది. పిల్ల కాళ్ళకి కొత్త చెప్పులు. నేను కుతూహలం ఆపుకోలేక రోడ్డు దాటి వెళ్ళాను. ఎలీయాజరు గారు విస్తరి వేసి, గొంతు సవరించుకున్నారు.

"బాబాయిగారూ, ఆ రోజు నేనేమీ చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పాలని వచ్చాను" అంది. "నా పేరు తులసండి."

ఆయన నోరు తెరిచారు. మళ్ళీ మూసుకున్నారు. పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

తులసి చెప్పింది. తాగి కొట్టే మొగుడి సంగతి, తాడేపల్లిగూడెంలో అక్క తలుపు తీసిన సంగతి, కుట్టుమిషను, కొత్త జాకెట్ల ఫ్యాషన్లు, పిల్ల బడిలో నేర్చుకున్న పద్యాలు. పులుసు చల్లారిపోయింది. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని "ఆఁ... ఆఁ..." అంటూ వింటూనే ఉన్నారు. అచ్చమ్మగారు గుమ్మంలో నిలబడి తులసినీ, మొగుణ్ణీ మార్చి మార్చి చూస్తున్నారు.

ఇంతలో ఏలూరు బస్సు హారన్ వినిపించింది. తులసి కంగారుగా లేవబోయింది. ఎలీయాజరు గారు ఆమెను కూర్చోమని, తానే రోడ్డు మీదకి పరిగెత్తి చెయ్యి అడ్డం పెట్టి బస్సు ఆపారు.

"కాస్త ఆపండి బాబూ" అన్నారు డ్రైవరుతో. "మా అమ్మాయి ఇంకా చెప్తోంది."