మస్తానన్న తీసేసిన చుట్టు

దెయ్యం ఉందని ఎవరైనా అంటే, మీటరు పెట్టి చూపించమనే రకం నేను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. కింద రాసింది చదివి మీరేమనుకుంటారో తెలిసీ రాస్తున్నాను.

పోయిన ఏడాది శ్రావణంలో నాలుగు రోజులు సెలవు పెట్టి మా కుందుర్పి వెళ్లాను. చిన్ననాటి స్నేహితుడు ఓబులేసు చేలో వేరుశనగ ఊడలు దిగే దశలో ఉంది. వాన మొహం చాటేసింది. నీటికుంటలో మోకాలి లోతు నీళ్లు మిగిలాయి. ఒక్క తడి ఇస్తే పంట దక్కుతుంది, లేకపోతే కట్టెలే. చేలో కరెంటు లైను లేదు. ఉన్నదల్లా సోలారు మోటారు, దానికి నేను కట్టిచ్చిన కన్వర్టర్ పెట్టె.

ఆ పెట్టె టిఫిన్ డబ్బా అంత. అదే నా గొప్ప, అదే నా తలనొప్పి. అందులోంచి కరెంటు సాఫీగా రాక ఎగిరెగిరి పడేది. దాన్నే రిపుల్ అంటాం. అది హద్దు దాటగానే మోటారు ఆగిపోయేది.

"నీ డబ్బా మూడు నిమిషాలకే అలుగుతాండాది కదప్పా" అన్నాడు ఓబులేసు.

మందు నాకు తెలుసు. ఒకే రకం సర్క్యూట్లు రెండు పెట్టి, ఒకదాని కరెంటు లేచేటప్పుడు రెండోదానిది దిగేలా నడపాలి. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేసి దంచినట్టు. కాకపోతే రెండింటి కాయిళ్లూ కవలల్లా ఉండాలి. ఒక్క చుట్టు తేడా వచ్చినా లయ తప్పుతుంది.

ఊళ్లో మోటార్లకు కాయిళ్లు చుట్టే మస్తానన్న పోయి అప్పటికి ఆరు నెలలు. నాకు తీగ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆయన భార్య నూర్జహానక్క అంగడి తెరిచిచ్చింది. ఒక కాయిల్ నేనే లెక్కపెట్టి ఇరవై నాలుగు చుట్లు చుట్టాను. రెండోదానికి ఓబులేసు లెక్క అందుకున్నాడు. మొదటి చుట్టుకు "లాభం" అన్నాడు. గింజలు కొలిచేటప్పుడు మావైపు ఒకటి అనరు. లాభం అంటారు, ఆ తర్వాత రెండు. నేనేమో దాన్ని దీవెన కింద జమకట్టి, తర్వాతి చుట్టు నుంచి లెక్క నేనే తీసుకుని మనసులో "ఒకటి" అని మొదలుపెట్టాను. శెట్టి అంగట్లో పుట్టి పెరిగిన నేను చేయాల్సిన తప్పేనా అది? ఇరవై ఐదు పడ్డాయి. అప్పుడు ఇద్దరికీ తెలియలేదు.

వార్నిష్ పూసి, కాయిళ్లు బల్ల మీద ఆరబెట్టి, షట్టరుకు తాళం వేశాం. తాళంచెవి నూర్జహానక్క నడుముకే ఉంది. ఓబులేసు, నేను ఒకే పళ్లెంలో అన్నం తిని మధ్యాహ్నం రెండు గంటలకు తిరిగొచ్చాం.

రెండో కాయిల్ పక్కన సరిగ్గా ఒక చుట్టు తీగ కోసి పెట్టి ఉంది. కాయిల్ కొసను దారంతో కట్టేశారు. ఎడమచేత్తో మూడుసార్లు తిప్పి కొస లోపలికి దోపే ముడి అది. మస్తానన్న ముడి. ఎన్నిసార్లు చూపించినా నాకు పట్టుబడలేదు. పైన వార్నిష్ నిగనిగలాడుతోంది, ఒక్క గీత కూడా లేదు. ఆ అంగడికి వెనక తలుపు లేదు.

మీటరు పెట్టాను. రెండు కాయిళ్లూ సమానం. నమ్మకం లేక నాలుగుసార్లు కొలిచాను. కోసిన ముక్క చేతిలో పట్టుకుని లెక్క మొదటినుంచి చెప్పుకుంటే అప్పుడు బయటపడింది లాభం సంగతి.

ఇక ఆగలేదు. బండి మీద చేనుకు పరుగు. కాయిళ్లు అతికి స్విచ్ వేశాను. కరెంటు నడకను గీతగా చూపే స్కోపు తెర మీద ఎగిరెగిరి పడే గీత చాప పరిచినట్టు పడుకుంది. మూడు నిమిషాలైంది, పదైంది, అరగంటైంది. మోటారు ఆగలేదు. నా ఉద్యోగం మొత్తంలో అంత సంతోషం ఎరగను. చేలోనే గెంతాను.

"పక్కకు జరుగప్పా, సాలు తొక్కుతాండావు. నీళ్లు రానీ" అన్నాడు ఓబులేసు.

పొద్దు వాలేలోగా చేనంతా తడిసింది. ఆ ఊపులోనే వెళ్లి నూర్జహానక్కకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె తీగముక్కను వేలికి చుట్టుకుంటూ విన్నది.

"ఆర్నెల్లాయ. నాకు ఒక్కసారీ కనపడల్యా" అంది. "నీ తీగ సరిచేసేకి వచ్చినాడా?"

కోపంతో అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. పంట దక్కింది, పెట్టె ఈ రోజుకీ నడుస్తోంది. ఆ తీగముక్కను మాత్రం ఆమె వేలికే వదిలేసి వచ్చాను.