నీళ్ళ డ్రమ్ములో పడవ మోటారు

సోమవారం పొద్దున ఆరు గంటలకు బోరు షెడ్డులో డ్యూటీకి చేరినా. ఎండ లేదు. పడమటి గాలి. సామాను: రెండు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు, డబ్బాలో డీజిలు, పాత చీర గుడ్డలు. బల్ల మీద పడవ మోటారు. మా పెండ్లికంటే పాతది, తుప్పు పట్టి ఉండాది.

మిలిటరీ పట్టాళంలో ఉండింది నేను కాదు, మా ఇంటాయన. నదుల మీద పడవలు నడిపినాడు. రిటైరైనాక వేలంలో ఆ మోటారు తెచ్చి మూలకేసినాడు. పక్షవాతం కొట్టి కుడి చెయ్యి పడిపోయింది. పైగా గుండె జబ్బు. మళ్ళా సోమవారం బెంగళూరులో ఆపరేషను.

"ఆపరేషను బల్ల మీంచి లేస్తానో లేదో. ఒక్క తూరి దాని శబ్దం వినాల" అన్నాడు.

ఆర్డరు ఆయనది, చేతులు నావి.

నా భయమంతా పట్టుపురుగులది. నాలుగో జ్వరం లేసి, అంటే నాలుగో తూరి పొర విడిచి, గూడు కట్టే ముందు ఆఖరి మల్బరీ ఆకు తింటాండాయి. పెట్రోలు వాసన తగిలితే అన్నీ చస్తాయి. ఆ పంటే మాకు అన్నం. అందుకే పురుగుల ఇంటికి నూరు అంగల దూరంలో, తూర్పు పక్క షెడ్డులో పని. నడిమధ్యన సున్నంతో గీత గీసినా.

"పెట్రోలు ఇది దాటిందంటే నిన్నూ నీ మోటారునూ ఎండిన బాయిలో యేస్తా."

"యెస్ సాబ్!" ఎడం చేత్తో సెల్యూట్ కొట్టినాడు.

దినానికి నాలుగు తూర్లు ఆకు వేయాల. నాలుగు తూర్లూ తలకు పోసుకొని, చీర మార్చి లోపలికి పోయినా.

మొదటి దినం ప్లగ్గు ఊడదీసి డీజిలు పోసినా. పిస్టను కదల్లేదు. మూడో దినం కొంచెం కదిలింది. నాలుగో దినం చింతామణి నుంచి బైకు మెకానిక్ వచ్చి కార్బొరేటరు కడిగినాడు.

"యాడ సిక్కిందప్పా ఇది? వెయ్యడుగులు తోడినా నీళ్ళు పడని సీమలో పడవ మోటారా?"

"నీకు ఈత వచ్చునా?" అన్నాడు మా ఆయన.

"రాదప్పా."

"అయితే నోరు మూసుకొని కడుగు."

ఏడో దినం, ఆదివారం, మధ్యాన్నం మూడు గంటలు. నీళ్ళు లేకుండా తిప్పితే మోటారు కాలిపోతాదని డ్రమ్ముకు నీళ్ళు నింపి మోటారును దాని అంచుకు బిగించినా. పెట్రోల్లో ఆయిలు కలిపినా. తాడు లాగినా. పదకొండు తూర్లు. భుజం పడిపోయింది.

"ఇంగొకటి" అన్నాడు.

పన్నెండో తూరి అందుకునింది. డ్రమ్ము అదిరింది. నీలం పొగ. ఆయన కండ్లు మూసుకున్నాడు.

అప్పుడు గాలి తిరిగింది. పొగ గీత దాటి పురుగుల ఇంటి పక్కకే పోతాండాది. నా వేలు ఆపే బటను మీదనే ఉండాది. ఆయన మొగం చూసి నొక్కలేకపోయినా.

ఆయన కండ్లు తెరిచినాడు. పొగ చూసినాడు.

"బంద్ చెయ్యే!"

"ఇంకొంచేపు విను."

"పురుగులే! బంద్! ఆర్డరు ఇది!"

నొక్కినా. అర నిమిషం కూడా ఆడలేదు. పరిగెత్తి కిటికీలు మూసినా. తలకు పోసుకొని లోపలికి పోయినా. పురుగులు తింటానే ఉండాయి.

సోమవారం పక్కింటామెకు ఆకు పని అప్పజెప్పి బెంగళూరు పోయినాం. గురువారం నేనొక్కదాన్నే వాపసు వచ్చినా. పురుగులు గూళ్ళు కట్టినాయి. మోటారు మళ్ళా తిప్పలేదు.

ఆ ఆదివారం కిటికీ సందులోంచి చూసింది ఒకటి మాత్రం కండ్లల్లోంచి పోదు. ఆయన వాకిట్లో నిలబడి, ఎడం చేత్తో తువ్వాలు తిప్పి తిప్పి పొగను అవతలికి తోలుతాండాడు. మేకల్ని తోలినట్ల. "పో, పో" అంటాండాడు.